మన తండ్రులు త్రవ్విన బావులు

(శతవార్షికోత్సవ సభలలో "రాయలసీమ ప్రకృతి సంపద" అను అంశముపై చేసిన ప్రసంగ పాఠము)



ఉత్సవ కమిటీవారు నన్ను పిలిచి, "మీరు హైస్కూలులో భూగోళము చెప్పినవారు గదా, మన సీమ ప్రకృతి సంపదను గూర్చి మాట్లాడండి" అన్నారు. ప్రక్కనున్న ఒక సహోదరుడు నవ్వి, "మన సీమలో సంపద ఏముంది సార్, రాళ్ళు తప్ప? ఐదు నిమిషాల్లో అయిపోతుంది" అన్నాడు. ఆయన తమాషాకే అన్నాడు గాని ఆ మాట నా మనసులో నిలిచిపోయినది. మనము పేద నేలలో పుట్టినామని మనకు మనమే చెప్పుకొని, మన పిల్లలకూ అదే నేర్పుచున్నాము. ఇది నిజమా? ఈ ప్రశ్నకు జవాబు చెప్పుకొనిన తరువాత, చివరలో నా సొంత తప్పు ఒకటి మీ యెదుట ఒప్పుకొందును.

ముందుగా మన ఇంటి హద్దులు చూచుకొందాము. అనంతపురము, కడప, కర్నూలు, చిత్తూరు అను పాత నాలుగు జిల్లాలు కలిసి సుమారు 67,000 చదరపు కిలోమీటర్లు. 2022లో ఈ జిల్లాలను విడదీసి క్రొత్త పేర్లు పెట్టినారు గాని కొండలు, ఏళ్ళు ఎక్కడివి అక్కడనే ఉన్నవి. నిజాము 1800లో ఈ ప్రాంతమును బళ్ళారితో కూడ ఇంగ్లీషు కంపెనీకి ఇచ్చివేయుటచేత దీనికి దత్తమండలములని పేరు వచ్చినది. ఎవరో ఎవరికో ఇచ్చివేసిన నేల అనిపించుకొనుట ఇష్టము లేక, 1928లో నంద్యాలలో జరిగిన సభలలో మన పెద్దలు రాయలసీమ అని పేరు పెట్టుకొన్నారు. మన సంఘ చరిత్ర కూడ ఈ నేలతో ముడిపడినదే. లండను మిషనువారు 1810లో బళ్ళారికి, 1822లో కడపకు వచ్చి పని మొదలుపెట్టినారు.

ఇక ఆ సహోదరుడు చెప్పిన రాళ్ళ సంగతి. అనంతపురము వైపు మీరు చూచు గుండ్రని గుట్టలు, ఒకదాని మీద ఒకటి పేర్చినట్లున్న బండలు 250 కోట్ల సంవత్సరముల కంటె పాతవి. దేవుని దినములను మన క్యాలెండరుతో కొలువరాదు గనుక ఆ లెక్క విని ఎవరూ కలవరపడనక్కరలేదు. ఆ పాత బండల నేల తూర్పు వైపున క్రుంగి, అర్ధచంద్రాకారమైన పల్లము ఏర్పడి, దానిలో సముద్రము నిలిచినది. ఆ నీటి అడుగున ఇసుక, బురద, సున్నము పొరలు పొరలుగా పేరుకొని రాయి అయినవి. భూగర్భ శాస్త్రజ్ఞులు దీనిని కడప బేసిన్ అంటారు. విలియం కింగ్ అను శాస్త్రజ్ఞుడు ఈ కొండలన్నీ తిరిగి 1872లో పెద్ద గ్రంథము ప్రకటించినాడు. వేంపల్లె ప్రాంతపు సున్నపురాయిలో ఉల్లిపాయ పొరల వంటి గుర్తులు కనబడును. అవి ఆ సముద్రపు లోతు తక్కువ నీటిలో పెరిగిన నాచు వంటి సూక్ష్మజీవుల గుర్తులు. ఎండకు నెఱ్ఱెలిచ్చు మన నేల ఒకప్పుడు సముద్రపు అడుగు!

ఆ సముద్రము మనకు విడిచిపోయిన ఆస్తి ఎంతటిదో చూడండి. మన మందిరములలో కాళ్ళ క్రింద చల్లగా తగులు కడప బండలు, బేతంచెర్ల నాపరాళ్ళు, తాడిపత్రి నల్లబండలు దాని నుండి వచ్చినవే. కోడూరు దగ్గరి మంగంపేటలో ఏడు కోట్ల టన్నులకు పైగా ముగ్గురాయి ఉన్నది. ఒకే చోట ఇంత నిలువ ప్రపంచములో మరెక్కడా లేదని చెప్పుదురు. ఆయిలు బావులు త్రవ్వునప్పుడు ఈ బరువైన రాతి పొడిని బురదలో కలిపి లోపలికి పంపుదురు గనుక దూరదేశముల ఎడారులకు కూడ అది ప్రయాణము చేయుచున్నది. పులివెందుల ప్రాంతములో రాతినార ఉన్నది, తుమ్మలపల్లెలో యురేనియము ఉన్నది. సిమెంటుకు కావలసిన సున్నపురాయికి కొదువ లేదు. వజ్రకరూరు, తుగ్గలి, జొన్నగిరి చేలలోనైతే తొలకరి వాన పడగానే నేల కడుగబడి వజ్రములు మెరయునని నేటికిని జనము కుటుంబములతో వచ్చి వెదకుచుందురు.

ఇశ్రాయేలీయులు వాగ్దాన దేశములో ప్రవేశింపకముందు, ఆ దేశపు రాళ్ళలో ఇనుము, కొండలలో రాగి ఉన్నవని మోషే వారికి చెప్పినాడు. ఆ వెంటనే, తిని తృప్తి పొందినప్పుడు ఇచ్చినవానిని మరువవద్దని హెచ్చరించినాడు. రాతి సంపద ఒకసారి తీసిన మరల పెరుగదు. రాతినార ధూళి, పలకల ధూళి ఊపిరితిత్తులలో చేరి మనిషిని క్రుంగదీయును. త్రవ్వి విడిచిన గుంతలు పూడవు. కనుక బండ తీసినవాడు, కోసినవాడు, గనికి ఊరు ఇచ్చినవాడు ఏమైనారో కూడ లెక్క చూడవలెను. అది లేని లెక్క గృహనిర్వాహకుని లెక్క కాదు.

రాతిని దాటి కన్నెత్తి చూచితే అందమునకు కూడ కొదువ లేదు. గండికోట వద్ద పెన్నానది ఎఱ్ఱమల కొండలను నిలువునా కోసికొని పోయినది. ఆ అంచున నిలిచి చూచినవారికి మాట రాదు. కొలిమిగుండ్ల దగ్గర బెలుం గుహలు నేల క్రింద 3,229 మీటర్లు సాగినవి. రాబర్ట్ బ్రూస్ ఫుట్ 1884లో వాటిని గూర్చి వ్రాసినాడు, 1982-83లో జర్మను పరిశోధకులు వచ్చి లోపలి దారులు కొలిచినారు. పైన చూచితే చెట్టు లేని మైదానము, క్రింద నీరు వేల ఏండ్లు చెక్కిన మండపములు! గుత్తి దగ్గరి ఎఱ్ఱగుడిలో అశోకుని శాసనములు గుండ్ల మీద నేటికిని చదువదగి ఉన్నవి. కదిరి ప్రాంతములో తిమ్మమ్మ మఱ్ఱిమాను సుమారు ఐదెకరములలో పరచుకొని 1989లో గిన్నిస్ పుస్తకములోనికి ఎక్కినది. శేషాచలము, పాలకొండలు, లంకమల, వెలిగొండలలో పెరుగు ఎఱ్ఱచందనమునకు లోకములో మరెక్కడా పుట్టిల్లు లేదు. ఆ సన్నని నేలలో నిదానముగా పెరుగుటచేతనే దాని చేవకు అంత విలువ. ఆ విలువకే దొంగలు గొడ్డలి పట్టించి బీద యువకులను అడవికి తోలుచున్నారు.

లంకమల పొదలలో ఒక చిన్న పక్షి ఉన్నది, మనవారు దానిని కలివి కోడి అంటారు. 1900 తరువాత ఎవరికిని కనబడక, ఇక అంతరించిపోయినదని లోకమంతా అనుకొనినది. 1986లో సిద్ధవటము, బద్వేలు ప్రాంతపు అడవిలో అది మరల దొరికినది. రాత్రివేళ దానిని చూచి గుర్తుపట్టినవారిలో ఆ ఊరి మనిషి ఉన్నాడు. మనము ముళ్ళకంపలని తీసివేయు పొదలే దానికి ఇల్లు. దాని కొరకు అభయారణ్యము ఏర్పడినది, తెలుగుగంగ కాలువ దారి కూడ కొంత మార్చవలసి వచ్చినది.

ఇన్ని ఉన్నవి గదా, మరి కొదువ ఏమిటి? నీరు. పడమటి కనుమలు నైరుతి మేఘములను తమ వద్దనే కురిపించుకొనును. ఈశాన్య వానలేమో కోస్తాలో కురిసి మన దాకా వచ్చుసరికి అలసిపోవును. అనంతపురములో ఏడాదికి సగటున పడునది సుమారు 550 మిల్లీమీటర్లు, అనగా 22 అంగుళములు. అది కూడ నమ్మకముగా రాదు. రెండేండ్లు ముఖము చాటేసి మూడవ ఏట ఒక్క రాత్రిలో కుమ్మరించును. 2009 అక్టోబరులో కర్నూలు పట్టణము నీట మునిగినది. 2021 నవంబరు 19న చెయ్యేటి మీది అన్నమయ్య డ్యాము తెగి దిగువ పల్లెలు కొట్టుకొనిపోయినవి. కరువు సీమలో వరదకు ప్రాణములు పోవుట విన్నప్పుడు, మనకు నీరు తక్కువ అన్నది సగము నిజమేననియు, వచ్చిన నీటిని నిలుపుకొనుట చేతకాలేదన్నది మిగిలిన సగమనియు నాకు తోచును.

ఐగుప్తు వంటి దేశములో నది ప్రక్కన కాలితో పారించుకొనవచ్చును, వాగ్దాన దేశమో ఆకాశపు వానను త్రాగు కొండలు లోయల దేశమని ద్వితీయోపదేశ కాండములో చదువుకొన్నాము. డెల్టా సోదరులది ఐగుప్తు వంటి భూమి, మనది కనాను వంటి భూమి. ఇటువంటి భూమిలో బ్రదుకవలెనంటే పైకి చూడవలెను, పడిన చుక్కను పట్టుకొనవలెను.

ఈ సంగతి మన పూర్వులకు తెలియును. కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువు కట్ట దగ్గర 1369 నాటి శాసనమున్నది. బుక్కరాయల కుమారుడు భాస్కరుడు ఆ చెరువు కట్టించినాడు. రోజుకు వెయ్యిమంది కూలీలు, నూరు బండ్లు రెండేండ్లు పని చేసినట్లు దానిలో చెక్కినారు. అంతకంటె విలువైన సంగతి ఏమనగా, మంచి చెరువుకు ఉండవలసిన 12 అంగములను, ఉండరాని 6 దోషములను కూడ చెక్కించినారు. గట్టి నేల ఉండవలెను, కొండలు కలిసిరావలెను, మంచి రాయి దగ్గర దొరకవలెను, నీటి విద్య తెలిసినవాడు ఉండవలెను. దోషములలో ఒకటి వినండి: నీరు కొంచెమై, దానితో పండింపదలచిన భూమి మిక్కుటమగుట. 650 ఏండ్ల క్రిందట రాతి మీద చెక్కి మన కట్ట ప్రక్కనే నిలిపిన ఈ హెచ్చరికను ఇప్పుడు గుర్తుంచుకొనండి. తరువాత దీని దగ్గరికి వత్తును.

అట్టి చెరువులు సీమ అంతటా వందలు. చెరువు నిండితే మరువ పారును, మరువ నీరు క్రింది చెరువుకు పోవును. నీరుగట్టి ఎవరి మడికి ఎంతసేపో చూచి వదలువాడు. చెరువు క్రింద బావులలో ఊట పైకి వచ్చును. బావికి కపిల కట్టి ఎద్దులతో తోలి రాగులు, కూరగాయలు పండించినారు. పెన్నా, పాపాఘ్ని ఇసుకలో ఊటకాలువలు తీసినారు. మెట్ట చేలలో కొఱ్ఱ, సద్ద, జొన్న, అలసంద కలిపి విత్తినారు, ఒకటి పోయినా ఒకటి దక్కేది.

అయినను కరువులు తప్పలేదు. 1876-78 నాటి ధాత కరువును మన అవ్వల అవ్వలు కథలుగా చెప్పినారు. 1871 నుండి 1881 వరకు కర్నూలు జిల్లా జనాభా సుమారు నాలుగవ వంతు తగ్గిపోయినది. ఈ సభలో కూర్చున్న అనేక కుటుంబముల సంఘ చరిత్ర ఆ కరువు గంజితొట్ల దగ్గరి నుండియో, ఆ తరువాతి ఏండ్ల నుండియో మొదలగును. గంజి పోసిన చేతులే కొన్ని చోట్ల కూలి ఇచ్చి బావులు కూడ త్రవ్వించినవి. నేను ఆరాధించు సంఘములోని మందిరపు ఆవరణలో బావి ఆ విధముగా వచ్చినదేనని మా పెద్దలు చెప్పేవారు. దాని నీరు అన్ని కులములవారు తోడుకొనవచ్చుననుట ఆ ఊరిలో అప్పుడు చిన్న మాట కాదు.

ఆ తరువాత కాలువలు వచ్చినవి. కర్నూలు-కడప కాలువను 1863-70 మధ్య ఒక కంపెనీ త్రవ్వగా 1882లో ప్రభుత్వము తీసికొనినది. 1953 నాటికి తుంగభద్ర డ్యాము నిలిచినది, తరువాత శ్రీశైలము, తెలుగుగంగ, హంద్రీ-నీవా వచ్చినవి. వీటివలన బ్రదికినవారు లక్షలు, కృతజ్ఞత చెప్పవలసినదే. కాని తుంగభద్రలో మొదట 133 టి.ఎం.సి.ల నీరు పట్టేది, పూడిక చేరి ఇప్పుడు సుమారు 105 మాత్రమే పట్టుచున్నది. పై నేలలు కోసుకొనిపోయి మట్టి అంతా అడుగున చేరినది. నేలను కాపాడనివానికి డ్యాము కూడ ఎన్నాళ్ళో ఉండదు.

ఇప్పుడు నా తప్పు సంగతి. మా నాయన, చిన్నాయనలు కలిసి ఒక ఎండకాలమంతా గడ్డపారలతో మా చేనిలో బావి త్రవ్వినారు. 30 అడుగులలో నీళ్ళు. నాకు ఊహ తెలిసిన తరువాత అది ఎండుట చూడలేదు. మెట్టంతా చెనిక్కాయే అయిపోయి, అనంతపురము జిల్లాలో సుమారు 20 లక్షల ఎకరములు ఆ ఒక్క పంటే వేసిన కాలము వచ్చినది. చెరువులు పూడినవి, మరువలు తెగినవి, మరామత్తు మన పని కాదు సర్కారు పని అన్నాము. మా బావిలో నీరు అడుగంటినది. నేను చీనీ తోట పెట్టి 180 అడుగులకు బోరు వేసినాను, నీళ్ళు పడినవి. దేవునికి స్తోత్రము చెప్పినాను.

ప్రక్క చేను మా సంఘస్థునిదే. నన్ను అన్నా అని పిలుచువాడు. నా బోరు పడిన ఏడాదికి ఆయన బావి ఎండినది. ఆయన 300 అడుగులకు వేసినాడు, నాది ఎండినది. నేను 450కి పోయినాను, ఆయన అప్పు చేసి ఇంకా క్రిందికి పోయినాడు. భూగోళము చెప్పినవాడను, నాకు తెలియదా? మన నల్లరాతి నేలలో నీరు పై పొరలోని మెత్తని రాతిలోను, బండ నెఱ్ఱెలలోను ఉండును. లోతుకు పోయినకొద్దీ నెఱ్ఱెలు తగ్గును. అక్కడ దొరకునది ఏండ్ల తరబడి చేరిన పాత నీరు. పై నుండి చెరువు ఇంకించనిదే క్రింద బోరు నిండదు. ఇది పిల్లలకు బోర్డు మీద బొమ్మ వేసి చెప్పినవాడనే. అయినా వేసినాను. అయిదవ బోరు 650 అడుగులకు పోయినప్పుడు తెల్లని దుమ్ము తప్ప తడి రాలేదు. చీనీ చెట్లు కట్టెలకు కొట్టించినాను. ఆయన చేను అమ్ముకొని భార్యాబిడ్డలతో బెంగుళూరుకు బేల్దారు పనికి పోయినాడు.

ఆ సంవత్సరములన్నియు ప్రతి నెలా మేమిద్దరము ఒకే వరుసలో మోకరించి ప్రభువు బల్లలో ఒకే పాత్రలోనిది త్రాగినాము. భూమి క్రింద దేవుడు ఇద్దరికీ ఉంచిన ఒకే పాత్రను మాత్రము పోటీపడి ఖాళీ చేసినాము. కొంచెము నీటితో మిక్కుటమైన భూమిని పండింపబూనుట దోషమని పోరుమామిళ్ళ రాయి చెప్పినది, నేను వినలేదు.

ఇస్సాకు గెరారు లోయలో ఏమి చేసినాడో మీకు తెలియును. తన తండ్రియైన అబ్రాహాము త్రవ్వించిన బావులను ఫిలిష్తీయులు మన్ను పోసి పూడ్చగా, వాటిని మరల త్రవ్వించి, తండ్రి పెట్టిన పేర్లే పెట్టినాడు. క్రొత్తగా త్రవ్వినవాటికై జగడమాడితే, ఆ బావికి ఏశెకు అని, మరొకదానికి శిత్నా అని పేరు పెట్టి విడిచిపోయినాడు. జగడము లేని బావి దొరికినప్పుడు దానికి రహెబోతు అని, అనగా ఎడము దొరికినదని పేరు పెట్టినాడు. మా ఇద్దరి బోర్లకు ఏశెకు, శిత్నా అను పేర్లు సరిపోవును. మన బావులను ఫిలిష్తీయులు పూడ్చలేదు, మనమే పూడ్చుకొన్నాము.

కనుక ఈ నూరవ ఏట నాలుగు మాటలు మనవి చేసి ముగింతును.

మొదటిది, మందిరముల ఆవరణలలోని పాత బావులు. నేను చెప్పిన మా బావిలో ఇప్పుడు పాత సున్నము, చెత్త పడియున్నవి. దానిని పూడ్చి అంగళ్ళు కట్టి బాడుగకు ఇవ్వవలెనని మా కమిటీలో ఆలోచన నడచుచున్నది. బాడుగతో సంఘమునకు మేలున్నదని చెప్పువారు చెడ్డవారు కారు. అయినను వద్దని ఈ వేదిక నుండి బ్రతిమాలుచున్నాను. మందిరపు మిద్దె 3,000 చదరపు అడుగులుంటే ఒక్క అంగుళము వానకు దాని మీద సుమారు 7,000 లీటర్లు పడును. 22 అంగుళములు పడితే లక్షన్నర లీటర్లు. ఒక గొట్టము, ఒక ఇసుక తొట్టి పెట్టి ఆ నీటిని బావిలోనికి దింపితే చాలును.

రెండవది, ప్రతి సంఘము తన ఊరి చెరువుకు ఏటికొకసారి, వానలకు ముందు, పార పట్టుకొని పోవలెను. కట్ట కట్టలేకపోయినా వాగు నుండి నీరు వచ్చు కాలువలో కంప తీయవచ్చును.

మూడవది, బోరు వేయబోవువాడు ప్రక్క చేనివానితో ముందు మాట్లాడవలెను. 2002లో వచ్చిన నీరు, భూమి, చెట్ల చట్టము ఉన్నది, కాని చట్టము కంటె ముందు పొరుగువాని ప్రేమ ఉన్నది. ఉన్న బోరు నీటిని ఇద్దరు ముగ్గురు పంచుకొని తడి పంట తగ్గించుకొంటే అందరికీ మిగులును.

నాలుగవది, పంటకోత పండుగకు కొనితెచ్చిన ఆపిల్ పండ్లు కాదు, మన కొఱ్ఱలు, సద్దలు, రాగులు తెచ్చి బలిపీఠము ముందు పెట్టండి. మన వానకు తగిన పంట ఏదో పిల్లలు మందిరములోనే చూచుదురు. మనలను ఎండబెట్టిన ఎండే పాత కర్నూలు జిల్లాలో 2017 నుండి 1,000 మెగావాట్ల కరెంటు ఇచ్చుచున్నది, కొండల మీద గాలిమరలు తిరుగుచున్నవి. శాపమనుకొన్నది కూడ వరమగు నేల ఇది.

పోయిన క్రిస్మసుకు ఆ సహోదరుడు బెంగుళూరు నుండి వచ్చినాడు. నేను ఆయన దగ్గరికి పోయి, నీ బావి ఎండుటకు నేను కూడ కారణమే, నన్ను క్షమించుము అన్నాను. ఆయన చాలసేపు మాట్లాడలేదు. తరువాత, "నువ్వొక్కనివే ఏసినావా అన్నా బోరు? నేనూ ఏసినా గదా" అన్నాడు. పోవునప్పుడు బస్సు దగ్గర, "నీళ్ళుంటే మళ్ళీ వస్తా" అన్నాడు.

సీమలో రాళ్ళు తప్ప ఏముంది అన్న సహోదరునికి నా జవాబు ఇది. అన్నీ ఉన్నవి. నీరు కూడ, జాగ్రత్త చేసుకొనువానికి సరిపోవునంత ఉన్నది. ఆ జాగ్రత్త లేకనే మన బిడ్డలు బస్సులెక్కి పోవుచున్నారు. మన తండ్రులు ఆకలితో ఉండి కూడ గడ్డపార పట్టి మన కొరకు బావి త్రవ్వినారు. రెండవ నూరేండ్లలో ఈ పందిరి క్రింద కూర్చుండువారు, మనము ఏమి త్రవ్వినామని కాదు, ఏమి పూడ్చక విడిచినామని అడుగుదురు. ఆ దినమున జవాబు చెప్పగల కృపను ప్రభువు మనకు దయచేయును గాక.